పచ్చి ఫైలు

కుతాయిసిలో శనివారం, పగలు పన్నెండు.
అక్టోబరు ఎండ చర్చి గోడల మీద సున్నంలా కాస్తోంది.
రెండో కార్డు బల్లమీదే వదిలేశానని
మెట్లెక్కాక గుర్తొచ్చింది.
ఉన్న ఒక్క కార్డులో
పచ్చివైతే నూట తొంభై పడతాయి,
నొక్కి సర్దినవైతే రెండు వేల పైచిలుకు.

"జేపెగ్‌లో కొట్టెయ్," అన్నాడు ఒతారి.
వీడియో వాడిది, లెక్కలూ వాడివే.
"సోమవారానికల్లా అందరి ఫోన్లలో ఉండాలి.
నీడలో ఏముందో ఎవడడుగుతాడు?
పెళ్ళికూతురు తెల్లగా ఉంటే చాలు."

వాడన్నదాంట్లో తప్పేమీ లేదు.
జేపెగ్ మంచి ఇల్లాలి లాంటిది,
చుక్కల్ని ఎనిమిదేసి గళ్ళలో సర్ది
ఇంచుమించు ఒకేలా ఉన్నవాటిని
ఒక్క మాటతో కట్టేస్తుంది,
నలభై మంది చుట్టాల్ని
"మావాళ్ళు" అన్నట్టు.
నలుపు నుంచి తెలుపుకి
రెండువందల యాభై ఆరు మెట్లు.
మామూలు కాళ్ళకి అవే ఎక్కువ.

రా ఫైలుకి మొహమాటం తెలీదు.
తెరవగానే బూడిదరంగు నిద్రమొహం.
వెలుతురు ఎంత పడిందో
పదహారు వేల మెట్ల మీద రాసిపెట్టి,
ఏది తెలుపో, ఏది చర్మమో
నువ్వే తేల్చుకోమంటుంది.

ఫిల్ము కడిగే రోజుల్లో
లమారా టీచరు చేతులకెప్పుడూ పులుపు వాసన.
నెగటివ్ పారేసినవాడు
వంటిల్లు తగలబెట్టి పులుసు దాచుకున్నవాడని
ఆవిడ తిట్టేది.
ఆవిడ తిట్టు ఒక చెవిలో,
ఒతారి లెక్క ఇంకో చెవిలో.
చివరికి ఎండలో ఉన్న చర్చిని జేపెగ్‌కిచ్చాను,
చీకటిగా ఉండే విందు గదిని పచ్చిగా ఉంచాను.
తెలివైన పనే అనుకున్నాను.

ఆదివారం రాత్రి
నేలమాళిగ ఫోటో ఒకటి తెరిచాను.
విందు పెద్ద కొమ్ముపాత్ర ఎత్తి నిలబడ్డాడు,
ఆ వెనక అంతా మసి.
నీడని ఒక మెట్టు లేపాను.
రా, అంటే వచ్చినట్టు
పెళ్ళికొడుకు మేనమామ వఖ్తాంగి బయటికొచ్చాడు.
బల్లమీది ద్రాక్షపాకం దండలు రెండు తీసి
కోటు చాటున దాస్తున్నాడు.
నవ్వొచ్చింది. అంత పెద్ద మీసం, ఇంత దొంగతనమా!
ఇంకో మెట్టు లేపాను.
కోటు వెనక స్తంభం, స్తంభం పక్కన
చాచిన చిన్న చెయ్యి.
గిన్నెలు కడిగే మెదెయా కూతురిది కాబోలు.
ఇంకొక్క మెట్టు, మొహం చూద్దామని.
ఎర్రా పచ్చా ఇసుక రాలింది.
అంతకు మించి చీకటి ఏమీ చెప్పలేదు.

మళ్ళీ నీడని దించేశాను.
విందు పెద్దా కొమ్ముపాత్రా మాత్రం మిగిలేలా
జేపెగ్ తీసి పెళ్ళివారికి పంపాను.
పచ్చిది నా దగ్గరే ఉంది.
పాతిక మెగాబైట్లు. ఉండనీ.

మంగళవారం ఎతేరి ఫోన్ చేసింది.
"ఫోటోలు బాగున్నాయి.
కానీ మేలిముసుగు మీద పూలేవీ?
మా బామ్మ చలికాలమంతా అల్లింది."
చర్చి మెట్ల మీది ఫోటోలు వరసగా తెరిచాను.
తెలుపుని ఒక మెట్టు దించాను, రెండు దించాను.
ముసుగు బూడిదరంగుకి తిరిగింది గానీ
ఒక్క పువ్వు కూడా పూయలేదు.
అక్కడ దాగినదేదీ లేదు.
సర్దేటప్పుడే పోయింది.

"ఏంటి, వినిపిస్తోందా?" అంది.
"ఎండ ఎక్కువైందమ్మా ఆ రోజు.
ఏ కెమెరా అయినా అంతే," అన్నాను.

పచ్చి అబద్ధం.

అటువైపు కాసేపు చప్పుడు లేదు.
తర్వాత, బామ్మకి చెప్పొద్దు,
ఆవిడకి చూపు ఎలాగూ ఆనదు, అంది.

ఫోన్ పెట్టేసి
కొత్త కార్డుకి ఆర్డరిచ్చాను.